సైబర్ సెక్యూరిటీ ఉద్యోగానికి లైనక్స్ కమాండ్లు ఎన్ని వస్తే చాలు?

డిగ్రీ అయ్యింది, ఎస్‌ఓసీ (కంపెనీ సిస్టమ్స్‌పై దాడులను కనిపెట్టే టీమ్) ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నాను, కమాండ్లు ఎన్ని రావాలి, హ్యాకింగ్ టూల్స్‌తో వచ్చే కాలీ లైనక్స్ ఇప్పుడే వేసుకోవాలా అని అడిగారు.

కాలీ ఇప్పుడే వద్దు. అందులో టూల్స్ వందల్లో ఉంటాయి, మెనూ చూడ్డానికే నెల పడుతుంది. వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్లోనే ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) మామూలు ఉబుంటు లైనక్స్ వేసుకుని ఒక స్నాప్‌షాట్ తీసిపెట్టుకోండి. ఏం చెడగొట్టినా వెనక్కి రావచ్చు.

ఇక లెక్క సంగతి. ఎన్ని వచ్చు అన్నది కాదు, కలిపి వాడటం రావాలి. అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్ళిన రోజుల్లో 150 కమాండ్లు నోట్‌బుక్‌లో రాసుకుని ఎక్కాల్లా బట్టీ పట్టాను. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, నైట్ షిఫ్ట్. మా సీనియర్ ఒక సర్వర్ ఆథ్ లాగ్ (లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే ఫైల్) నా ముందు పెట్టి, "తమ్ముడూ, ఎస్‌ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డ్ తప్పు కొడుతున్న ఐపీలు ఏవో, ఏది ఎన్నిసార్లు కొట్టిందో తీసివ్వు" అన్నాడు. (ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరం నుంచి సర్వర్లోకి లాగిన్ అయ్యే దారి.) నాకు కమాండ్లన్నీ వచ్చు. ఒకదానికి ఇంకోటి తగిలించడమే రాదు.

చివరికి ఆయనే చూపించాడు. గ్రెప్‌తో 'ఫెయిల్డ్ పాస్‌వర్డ్' లైన్లు ఏరి, పైప్ (ఒక కమాండ్ ఇచ్చినదాన్ని తర్వాతి దానికి అందించే గీత) పెట్టి, ఆక్‌తో ఐపీ మాత్రం లాగి, సార్ట్ చేసి, యునిక్ మైనస్ సీతో లెక్కపెట్టి, మళ్ళీ సార్ట్ మైనస్ ఎన్‌ఆర్‌తో పెద్ద లెక్కలు పైకి తెచ్చాడు. "మధ్యలో ఆ సార్ట్ ఎందుకన్నా?" అన్నాను. యునిక్ పక్కపక్క లైన్లనే పోల్చి చూస్తుందట. అదే ఐపీ పది లైన్ల తర్వాత మళ్ళీ వస్తే దానికి అది కొత్త ముఖమే.

మర్నాడు సొంతంగా చేశాను. ఒక లైన్ చూసి, ఐపీ 11వ పదం అని లెక్కపెట్టుకుని ఆక్‌కి 11 ఇచ్చాను. లిస్టులో ఐపీల మధ్య అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్ అని వచ్చాయి. చూసుకోకుండా రిపోర్టు పంపేశాను కూడా! సర్వర్లో లేని యూజర్ పేరుతో ప్రయత్నిస్తే లైన్లో 'ఇన్‌వాలిడ్ యూజర్' అని రెండు పదాలు ఎక్కువ పడతాయి, ఐపీ 13కి జరుగుతుంది. చివర్నుంచి లెక్కపెడితే గొడవ లేదు, ఎన్‌ఎఫ్ (లైన్లో మొత్తం పదాల లెక్క) మైనస్ 3 ఎప్పుడూ ఐపీయే. అప్పట్నుంచి ఏ లాగ్ అయినా ముందు లెస్‌తో తెరిచి ఓ యాభై లైన్లు కళ్ళతో చదివాకే ఆక్ జోలికి పోతాను.

(రెడ్ హ్యాట్ రకం సర్వర్లలో ఈ ఆథ్ లాగ్ ఫైల్ పేరు సెక్యూర్. డెబియన్ 12లో ఫైలే కనబడకపోతే జర్నల్‌సీటీఎల్ కమాండ్ వాడండి.)

ప్రాక్టీసుకి ఓవర్‌దవైర్ సైట్ వాళ్ళ బ్యాండిట్ అనే లైనక్స్ కమాండ్ల ఆట ఆడండి, ఉచితం. ఎస్‌ఎస్‌హెచ్‌తో 2220 పోర్టుకి వెళ్ళాలి, మొదటి యూజర్ పేరూ పాస్‌వర్డూ రెండూ బ్యాండిట్0. ఆ తర్వాతి లెవెల్లోనే ఫైల్ పేరు ఉత్త అడ్డగీత. క్యాట్ (ఫైల్లో ఉన్నది చూపించే కమాండ్) కొట్టి ఆ గీత పెడితే ఎర్రర్ కూడా రాదు, మీరే ఏదో టైప్ చేస్తారని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. గీతకి ముందు చుక్క, స్లాష్ పెట్టాలని తెలియడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఇది చెప్పేశాను గానీ, మిగతావి యూట్యూబ్‌లో చూడకండి.