గుండె జబ్బు లేని నాన్నకు గుండె మందు ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు, షుగర్ ఉంది. యూరిన్ ఇన్ఫెక్షన్ ముదిరి సెప్టిక్ షాక్‌లోకి వెళ్లారని ఐసీయూలో ఉంచారు. బీపీ నిలబెట్టే మందు ఎక్కుతుండగానే, గుండెను గట్టిగా కొట్టించే డోబుటమిన్ కూడా మొదలుపెట్టారు. ఆయనకు ఏనాడూ గుండె జబ్బు లేదు. ఈ మందుతో ప్రమాదమా?

జవాబు: గుండె జబ్బు ఎరగని వారికీ సెప్టిక్ షాక్‌లో గుండె నీరసించవచ్చమ్మా. ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు స్పందించే క్రమంలో వెలువడే రసాయనాలు రక్తనాళాలను సడలించి బీపీని పడగొడతాయి. కొందరిలో గుండె కండరాన్నీ దెబ్బతీస్తాయి. ఇది పూడికల వల్ల వచ్చే గుండెపోటు కాదు. కోలుకున్నవారిలో చాలామందికి వారం పది రోజుల్లో గుండె మళ్లీ పుంజుకుంటుంది.

ముందుగా యాంటీబయాటిక్, సెలైన్, వాటికీ బీపీ లేవకపోతే బీపీ నిలబెట్టే మందు నార్అడ్రినలిన్ ఇస్తాం. సగటు బీపీ 65 ఉండేలా చూస్తాం. మానిటర్‌లో పై బీపీ, కింది బీపీ పక్కన బ్రాకెట్లో కనిపించే అంకె అదే. అయితే ఆ అంకె బాగున్నా అవయవాలకు రక్తం చాలకపోవచ్చు. వేలి కొన 10 సెకన్లు నొక్కి వదిలితే, తెల్లబడిన చోట 3 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. రాకపోయినా, మోకాళ్ల దగ్గర చర్మం మచ్చలు మచ్చలుగా కమిలినా, రక్తంలో లాక్టేట్ (అవయవాలకు రక్తం చాలనప్పుడు పెరిగే పదార్థం) దిగకపోయినా ఎకో, అంటే గుండెకు అల్ట్రాసౌండ్ స్కాన్ చేస్తాం. గుండె సరిగా పంప్ చేయడం లేదని తేలితేనే డోబుటమిన్ అవసరం.

ప్రమాదం లేదని మాత్రం చెప్పను. గుండె వేగం పెరగొచ్చు, లయ తప్పొచ్చు, రక్తనాళాలు ఇంకా సడలి బీపీ జారొచ్చు. ఐసీయూ రోగుల గుండెను ఈ మందుతో మామూలు కంటే ఎక్కువగా పనిచేయించి చూసిన 1994 నాటి ఒక అధ్యయనంలో మరణాలు పెరిగాయి. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, ఫలితం లేకపోతే ఆపేస్తాం.

డాక్టర్‌ను మొహమాటపడకుండా అడగండి: ఎకోలో ఏం కనిపించింది? మందు మొదలయ్యాక లాక్టేట్ దిగుతోందా? యూరిన్ పెరిగిందా? వీటన్నిటికంటే ముఖ్యం, కిడ్నీ స్కాన్ చేశారా? డోబుటమిన్ ఇన్ఫెక్షన్‌ను తగ్గించదు. మూత్రనాళంలో రాయి అడ్డుపడి పైన చీము నిలిచి ఉంటే, మూత్రనాళంలో స్టెంట్ (సన్నని గొట్టం) వేసో, బయటినుంచి కిడ్నీలోకి ట్యూబు పెట్టో దాన్ని వెంటనే బయటికి తీయాలి. షుగర్ ఉన్నవారిలో ఈ అనుమానం తప్పకుండా తీర్చుకోవాలి. ఇంకా స్కాన్ చేయకపోతే ఈ రోజే అడగండి.