పండక్కి కుక్కకు ఇంట్లో ఏం చేసి పెట్టొచ్చు? పాకం పట్టకముందే దాని వాటా తీసేయండి

మీ ప్రశ్న చదివాను. ఏడాది వయసున్న లాబ్రడార్, ఒంగోల్లో ఇల్లు, సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు, "మనం అరిసెలు తింటా నోరులేని జీవికి పెట్టకుండా ఎట్లా" అనే అత్తగారు. అరిసె ముక్క పెట్టొచ్చా, పెట్టకూడదంటే దానికి విడిగా ఏం చేయాలి అని అడిగారు. మేం ఉండేది కావలిలో. మా ఇంట్లో ఒక నాటుకుక్క ఉంది. మా అన్నయ్యకు లాబ్ ఉంది. పండక్కి రెండూ మా ఇంట్లోనే. వాటికి చేసి పెట్టేది నేనే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు మీ అత్తగారి మాట. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. కనుమ అంటేనే పశువుల పండగ. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, మేతపెట్టి దండం పెట్టుకునే రోజున గుమ్మంలో కాపలా కాసే కుక్కను వదిలేయడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకని "పెట్టొద్దు" అని ఆవిడతో వాదించకండి. ఎప్పుడు తీసిపెట్టాలో అది మాత్రం మార్చండి. వంట అయిపోయాక అందులోంచి కుక్కకు వాటా తీస్తేనే ప్రమాదం. బెల్లం, ఉప్పు, కారం, నెయ్యి, తాలింపు పడకముందే దాని వాటా తీసి పక్కన పెడితే సగం టెన్షన్ తీరిపోతుంది. మా ఇంట్లో పండగరోజు పొయ్యి పక్కన దాని పేరు మీద ఒక స్టీలు గిన్నె ఉంటుంది. గుమ్మడికాయ ఎవరు కోసినా, చికెన్ ఎవరు కడిగినా ముందు ఆ గిన్నెలో నాలుగు ముక్కలు పడాలి, ఆ తర్వాతే మిగతా పని. మా అత్తయ్యకు ఈ పద్ధతి బాగా నచ్చింది. దేవుడికి నైవేద్యం తీసినట్టు ముందే తీస్తున్నాం కదా అని ఆవిడకు తృప్తి.

ఇక అరిసె. బెల్లం కుక్కకు విషమేం కాదు, బియ్యప్పిండీ కాదు, పైనద్దే నువ్వులూ కాదు. ఇబ్బంది పాకంతోనూ నూనెతోనూ. అలవాటు లేని కొవ్వు ఒక్కసారిగా లోపలికి పోతే కొన్ని కుక్కలకు క్లోమం వాస్తుంది. డాక్టర్లు పాంక్రియాటైటిస్ అనేది దీన్నే. మా పక్క వీధిలో ఒకళ్ల పొమరేనియన్ కనుమనాడు మటన్ కొవ్వు, సున్నుండలు, అరిసెలు వచ్చినవాళ్లందరి చేతా తినింది. మర్నాడు పొద్దున నేను చూసేసరికి ముందుకాళ్లు చాపి ఛాతీ నేలకు ఆనించి, వెనకభాగం పైకెత్తి నిలబడి ఉంది. కడుపునొప్పికి కుక్కలు అట్లా నిలబడతాయి. నీళ్లు తాగినా కక్కేస్తోంది. సెలైన్లు ఎక్కించి బతికించారు. పెట్టినవాళ్లందరూ ప్రేమతోనే పెట్టారు, తలా ఒక ముక్కే పెట్టారు. అందుకే చుట్టాలు రాగానే ఒక మాట చెప్పేయండి: దీనికి పెట్టాలనుకుంటే ఈ డబ్బాలోది పెట్టండి, మీ ప్లేట్లోది వద్దు. డబ్బా నిండుగా కళ్లముందు కనపడుతుంటే ఎవరూ ఏమీ అనుకోరు. పిల్లలైతే పోటీపడి ఆ డబ్బాలోంచే తీస్తారు.

ఆ డబ్బాలోకి నేను చేసేవి రెండే.

మొదటిది గుమ్మడికాయ రాగి బిస్కట్లు. సంక్రాంతికి మన ఇళ్లల్లో తీపి గుమ్మడికాయకు కొదవుండదు కదా. చెక్కు, గింజలు తీసేసి ముక్కల్ని ఆవిరి మీద ఉడికించండి. నీళ్లలో వేసి ఉడికిస్తే ముక్క నీరు పీల్చేసి పిండి జారుగా అవుతుంది. ఉడికిన ముక్కల్ని చల్లారాక పలచటి గుడ్డలో వేసి గట్టిగా పిండి, మెత్తగా చిదమండి. అర కప్పు గుజ్జుకు కప్పు రాగిపిండి, అర కప్పు గోధుమపిండి, ఒక గుడ్డు. ఉప్పు, చక్కెర, సోడా ఏమీ వద్దు. చపాతీ పిండికన్నా కొంచెం గట్టిగా కలపాలి. చేతికి అంటుకుంటుంటే ఇంకో చెంచా రాగిపిండి వేయండి. అరగంట నానబెట్టి, చిటికెన వేలంత మందాన ఒత్తి చిన్న చతురస్రాలుగా కోస్తే నలభై దాకా వస్తాయి. ఓవెన్ ఉంటే 160 డిగ్రీల మీద అరగంట, మధ్యలో ఒకసారి తిప్పాలి. ఆపేశాక కూడా ట్రే లోపలే వదిలేయండి, ఆ వేడికి లోపలి తడి ఆరుతుంది. ఓవెన్ లేకపోతే మందపాటి పెనం మీద మూతపెట్టి, మంట బాగా తగ్గించి రెండువైపులా ఓపిగ్గా కాల్చండి. పెనం మీదివి కాస్త మెత్తగానే వస్తాయి, అందులో తప్పేం లేదు, కాకపోతే వాటిని ఫ్రిజ్‌లోనే పెట్టాలి, రెండు మూడు రోజుల్లో అయిపోవాలి.

తడి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మనది సముద్రం గాలి. కావలి, ఒంగోలు ఏదైనా ఒకటే. సరిగా ఆరని బిస్కట్టు బయట డబ్బాలో ఉంటే రెండో మూడో రోజుకే అడుగున బూజు మొదలవుతుంది. కొన్ని రకాల బూజు కుక్కలకు వణుకు, ఫిట్స్ దాకా తెస్తుంది. ఓవెన్‌లో చేసిన బిస్కట్టు విరిస్తే టక్కున విరగాలి, వంగిందంటే ఇంకా తడుందని. రెండు రోజులకు సరిపడా బయట ఉంచి మిగతావి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

రెండోది చికెన్ ఉండ్రాళ్లు. మా కుక్కలకు వీటి వాసన తగిలితే వంటగది గడప వదలవు. వినాయకచవితికి మనం చేసే ఉండ్రాళ్ల పద్ధతే, నూనె చుక్క అక్కర్లేదు. ఎముక, తోలు లేని చికెన్‌ను ఉత్త నీళ్లలో ఉడికించండి. అల్లం వెల్లుల్లి పేస్టు వద్దు, ఉల్లిపాయ వద్దు, సూప్ క్యూబులు అసలే వద్దు. వాటిల్లో ఉప్పు ఎక్కువ, చాలావాటిల్లో ఉల్లి పొడి కూడా ఉంటుంది. ఆ నీళ్లు రెండు కప్పులు మరగబెట్టి అందులో కప్పు బియ్యపు రవ్వ, తురిమిన క్యారెట్ వేసి గట్టి ఉప్మాలాగా దగ్గరపడనివ్వండి. దీనికి నెల్లూరు మొలగొలుకులే కావాలని లేదు, రేషన్ బియ్యం మరపట్టించిన రవ్వ అయినా చాలు. చికెన్‌ను పీచుపీచుగా చిదిమి కలిపి, చిన్న ఉండలు చేసి, ఒక్కోదాన్ని బొటనవేలితో అదిమి బిళ్లలాగా చేయండి. గుండ్రటి ఉండను లాబ్ నమలకుండా మింగేస్తుంది, గొంతుకు అడ్డం పడొచ్చు. బిళ్లయితే ఆ భయం తక్కువ. ఇడ్లీ ప్లేట్లలో పది నిమిషాలు ఆవిరి పట్టించి పూర్తిగా చల్లార్చాలి. పైన చల్లగా ఉన్నా లోపల సెగ ఉంటుంది, ఒకటి విరిచి వేలితో చూసి పెట్టండి.

ఇవి కాకుండా ఉడికించిన గెనుసుగడ్డ ముక్కలు, పచ్చి క్యారెట్, గింజలు తీసిన యాపిల్ ముక్క, కొంచెం అరటిపండు, రెండు చెంచాల ఉత్త పెరుగు కూడా బాగా తింటాయి. పాలకోవా, పాలు మాత్రం చాలా కుక్కలకు పడవు, విరేచనాలవుతాయి.

ఎంత పెట్టాలి? రోజు మొత్తం తిండిలో ఇలాంటివి పదో వంతు దాటకూడదని పశువైద్యులు చెబుతారు. పాతిక కిలోల లాబ్‌కు రోజుకు సుమారు 1200 కేలరీలు అనుకుంటే ఇది 120 దాకా వస్తుంది. పైన చెప్పిన కొలతకు రాగి బిస్కట్టు ఒక్కోటి 18 కేలరీల దగ్గర ఉంటుంది, అంటే రోజుకు ఆరు. అవి పెట్టిన రోజు మామూలు తిండి ఆమేరకు తగ్గించండి. లాబ్‌లకు కడుపు నిండిందని తెలియదు, మనమే ఆపాలి. ఏది చేసినా పండక్కి రెండు మూడు రోజుల ముందే ఒక ముక్క పెట్టి చూసుకుంటే మంచిది. పడకపోతే పండగ పూట కాకుండా అప్పుడే తెలిసిపోతుంది.

పెట్టకూడనివాటిలో చాక్లెట్ సంగతి అందరికీ తెలుసు. మన పండగ వంటల్లో కనపడకుండా ఉండేవే నాకు ఎక్కువ భయం.

పరమాన్నంలో, చక్కెర పొంగలిలో కిస్‌మిస్. క్రిస్మస్‌కు వచ్చే ప్లమ్ కేకులో అయితే ఇంకా ఎక్కువ. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీల్ని పాడుచేస్తాయి, ఏ కుక్కకు ఎన్నింటితో ప్రమాదమో ముందుగా చెప్పలేం. దీనికి కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని 2021లో అమెరికాలో జంతువుల విషప్రభావాలు చూసే వైద్యులు ప్రతిపాదించారు. ఆ ఆమ్లమే మన చింతపండులో దండిగా ఉంటుంది. కాబట్టి పులిహోర పెట్టొద్దు. మన నెల్లూరు చేపల పులుసు అసలే వద్దు. అందులో చింతపండుతోపాటు ఉల్లిపాయ, వెల్లుల్లి, కారం, ముళ్లు అన్నీ ఉన్నాయి. పులుసు కలిపిన అన్నం మిగిలిందని కుక్క గిన్నెలో వంచేయడం మన వైపు చాలా ఇళ్లల్లో ఉంది. దయచేసి అది మానేయండి.

ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా, వండినవైనా, పొడి అయినా కుక్క రక్తంలోని ఎర్రకణాల్ని దెబ్బతీస్తాయి. అదే రోజు ఏమీ తెలియదు. కొన్ని రోజులకు చిగుళ్లు పాలిపోయి, మూత్రం ముదురు రంగులో పోస్తుంది. అప్పటికి ఏం తినిందో మనమే మర్చిపోయి ఉంటాం. వెల్లుల్లి పెడితే గోమార్లు, పురుగులు పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ల కోసం తెచ్చే షుగర్ ఫ్రీ స్వీట్లు, చూయింగ్ గమ్, కొన్ని రకాల పీనట్ బటర్. వీటిలో జైలిటాల్ ఉందేమో చూడండి. పాకెట్ మీద ఒక్కోసారి ఇ 967 అని ఉంటుంది. అది తిన్న కుక్కకు అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోయి, తూలి, ఫిట్స్ రావచ్చు. కాలేయం కూడా పోవచ్చు.

ఎండుచేపలు పెడితే కుక్క ప్రాణమిస్తుంది, కానీ అందులో ఉన్నది అంతా ఉప్పే. ఉడికిన ఎముకలు, ముఖ్యంగా నాటుకోడివి, సూదుల్లాగా చీలతాయి. కనుమనాడు ఆ ఎముకల్ని కవరుతో సహా వీధిలో పడేస్తే వీధికుక్కలు కవరుతోనే మింగుతాయి. వాటికీ పెట్టాలనుంటే ఉత్త అన్నంలో ఆ చికెన్ ఉడికించిన నీళ్లు కలిపి పెట్టండి, ఎంత ఆత్రంగా తింటాయో.

భోగిపళ్ల గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. ఇంట్లో చిన్నపిల్లలున్నారని రాశారు. రేగుపళ్లు, చిల్లర నాణేలు, చెరకు ముక్కలు, శనగలు పిల్లల తలమీద పోస్తాం, అవి హాలంతా దొర్లుతాయి. లాబ్ నిమిషంలో నేలంతా ఊడ్చేస్తుంది. రేగు గింజ, నాణెం, చెరకు పిప్పి పేగుకు అడ్డం పడితే ఆపరేషనే. పేరంటం అయ్యేదాకా కుక్కను వేరే గదిలో ఉంచి, నేల ఊడ్చాకే వదలండి. మేం ఆ టైములో చికెన్ ఉండ్రాళ్లు రెండు లోపల పెడతాం, అలగకుండా ఉంటుంది.

ఏదైనా తినేసిందని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయొద్దు. ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. ఏం తినింది, ఎంత, ఎన్ని గంటలకు, కుక్క బరువెంత, ఈ నాలుగూ చెబుతూ వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. పాకెట్ ఉంటే తీసుకెళ్లండి. కక్కించాలా వద్దా అన్నది ఆయన చెబుతారు. లక్షణాలు వచ్చేదాకా ఆగడం మంచిది కాదు. సంక్రాంతి మూడు రోజులూ చాలామంది డాక్టర్లు సొంతూళ్లకు వెళ్తారు కాబట్టి ఊళ్లో ఎవరుంటారో ముందే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించుకోండి. పల్లెకు వెళ్తున్నట్టయితే 1962 కూడా రాసి పెట్టుకోండి, సంచార పశువైద్య వాహనం కోసం చేసే టోల్‌ఫ్రీ నంబరు అది.

చివర్లో మీ లాబ్‌కు దురద వస్తోందని, చికెన్ వల్లేమో అని డాక్టరు అన్నారని రాశారు కదా. అట్లయితే ఉండ్రాళ్లలో చికెన్ బదులు కొరమీను వేయండి. ఉత్త నీళ్లలో ఉడికించి, వేళ్లతో నలిపి ముళ్లేమీ లేవని చూసుకుని కలపండి. ఆ నీళ్లనే వడగట్టి రవ్వకు వాడొచ్చు. బిస్కట్లలోనేమో గుడ్డు, గోధుమపిండి మానేసి ఉత్త రాగిపిండితోనే చేయండి. కొంచెం పొడిపొడిగా విరుగుతాయి, గుమ్మడి గుజ్జు రెండు చెంచాలు ఎక్కువ వేస్తే నిలుస్తాయి. అయితే ఈ మార్పులు కూడా మీ డాక్టరుకు ఒకసారి చెప్పి మొదలుపెట్టండి.