పెచ్చులూడిన గోడలున్న ఆర్ట్ కాలేజీలో చేర్చవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) పెయింటింగ్ చదువుతానంటోంది. ఓ ప్రభుత్వ కాలేజీ చూసొచ్చాం. పెచ్చులూడిన గోడలు, నేలంతా రంగు మరకలు, విరిగిన స్టూళ్లు. అందం నేర్పే చోటే ఇలా ఉంటే ఎలా? ఓ ప్రైవేటు కాలేజీ మాత్రం స్టార్ హోటల్‌లా ఉంది, ఫీజు నాలుగు రెట్లు. ఎటు వెళ్లమంటారు? - ఓ తండ్రి, గుంటూరు

జవాబు: మరకల గురించి టెన్షన్ పడకండి. పెయింటింగ్ స్టూడియోలో నేల తళతళలాడుతుంటే అక్కడ పని జరుగుతోందా అని నాకు అనుమానమొస్తుంది. నునుపు టైల్స్ మీద ఆయిల్ రంగు ఒలుకుతుందని పిల్లలు భయపడుతూ కూర్చుంటే ఇంకేం వేస్తారు?

పేరున్న భవనమైనా లోపల పనికి కుదరకపోవచ్చు. అమెరికాలో యేల్ యూనివర్సిటీ ఆర్ట్, ఆర్కిటెక్చర్ విద్యార్థుల కోసం 1963లో ఓ భవనం తెరిచింది. డిజైన్ చేసిన పాల్ రుడాల్ఫ్ అప్పట్లో అక్కడి ఆర్కిటెక్చర్ శాఖకే అధిపతి. పత్రికలు ఆకాశానికెత్తాయి. అందులో పనిచేయాల్సిన చిత్రకారులు, శిల్పులు మాత్రం మండిపడ్డారు. స్టూడియోలు ఇరుకు, వెలుతురు తమ పనికి కుదరదు; శిల్పం వాళ్లకైతే బేస్‌మెంట్లో తక్కువ ఎత్తు కప్పు కింద చోటిచ్చారు. గరుకు కాంక్రీటు గోడకు చెయ్యి రాసుకుంటే చర్మం గీసుకుపోయేది.

కాబట్టి రిసెప్షన్ సోఫాలు వదిలేసి స్టూడియో గదిలోకి వెళ్లండి. ఉత్తరం వైపు పెద్ద కిటికీలున్నాయా? ఏడాదిలో ఎక్కువ కాలం అటునుంచి ఎండ నేరుగా పడదు, వెలుతురు రోజంతా పెద్దగా మారదు, వేసిన రంగు పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా కనిపించదు. ఆయిల్ రంగులు పలచన చేసే టర్పెంటైన్ వాసన బయటికి పోయే దారి ఉందా? లేకపోతే అది అందం సమస్య కాదు, ఆరోగ్య సమస్య. కుంచెలు కడిగే సింకులో నీళ్లొస్తున్నాయా, తడి కాన్వాసులు ఆరబెట్టే చోటుందా, క్లాసులయ్యాక గది తాళం వేసేస్తారా, తెరిచే ఉంచుతారా? ఈ చివరిది చాలామంది అడగరు. నన్నడిగితే అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే.

పాత భవనాలన్నీ బంగారమని అనను. వేలాడే కరెంటు తీగలు, వానకి కారే కప్పు, వాడలేని లేడీస్ టాయిలెట్ కనిపిస్తే నిక్కచ్చిగా ప్రశ్నించండి. స్టూలు విరిగితే సర్దుకోవచ్చు, వీటితో నాలుగేళ్లు సర్దుకోమని పిల్లకి చెప్పలేం.

ఈ లెక్క పెయింటింగ్‌కి. అమ్మాయి ఇంటీరియర్ డిజైన్ వైపు మనసు మార్చుకుంటే కంప్యూటర్ ల్యాబ్, మెటీరియల్ నమూనాలు, మోడల్ తయారుచేసే వర్క్‌షాప్ కూడా చూడాలి.

మీరు చెప్పిన ప్రభుత్వ కాలేజీలో వెలుతురు, గాలి, నీళ్లు బాగుంటే నేను అక్కడే చేర్చమంటాను. మిగిలే ఫీజు డబ్బులో కొంత మంచి రంగులకీ కాన్వాసులకీ పెట్టండి, కొచ్చి బియెన్నాలే అనే పెద్ద కళా ప్రదర్శన జరిగే ఏడాది అమ్మాయిని పంపి చూపించండి. అడ్మిషన్‌కి ముందు ఇంకోసారి, క్లాసులు జరిగే రోజు మధ్యాహ్నం తనతో వెళ్లండి. ఫైనలియర్ పిల్లలతో ఓ గంట తననే మాట్లాడనిచ్చి, మీరు క్యాంటీన్లో కూర్చోండి.