చీనీ తోట పెడతానన్న మా అమ్మాయికి

తల్లీ,

ఉద్యోగం మానేసి అనంతపురం వచ్చి చీనీ, అదే బత్తాయి, తోట పెడతావంట కదా, మీ నాన్న ఫోన్ చేసి చెప్పినాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదమ్మా, సంతోషం సగం భయం సగం.

మట్టి టెస్ట్ చేయించు. మొక్కలు నమ్మకమైన నర్సరీలో తెచ్చుకో. బోరుకి పర్మిషన్ తీసుకో, 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ఊరి తాగునీటి బోరుకి 250 మీటర్ల లోపల వేయకూడదు. ఇవన్నీ నీకు తెలిసినవే.

డ్రిప్పు వేస్తే సగం నీళ్లు మిగుల్తాయి, ఎనిమిదెకరాలూ పెట్టేస్తా అన్నావంట. ఆ లెక్కే నన్ను ముంచిందమ్మా. నాది మూడెకరాల తోట, పాదులకి కాలవల్తో పారించేవాణ్ణి. డ్రిప్పు వేసినాక నిజంగానే నీళ్లు మిగిలినాయి, మిగిలినాయి కదా అని పక్కన ఇంకో రెండెకరాలు పెట్టేసినా, మీ పెద్దమ్మ వద్దు వద్దంటున్నా విన్లేదు. వానల్లేని ఏడాదికని భూమిలో దాచాల్సిన నీళ్లవి. పైగా కాలవల్లో పారినప్పుడు కొంతైనా ఇంకి మళ్లీ కిందికే పోయేది, డ్రిప్పులో అదీ లేదు. రెండేళ్లు వరసగా వానలు తప్పినాయి. బోరు గ్యాపు ఇవ్వడం మొదలుపెట్టింది, పది నిమిషాలు పోసి బుస్సుమని గాలి. ఇంకో బోరు, ఇంకా లోతు, లేచిందంతా తెల్లటి రాతి పొడే. మనది గ్రానైట్ నేల, నీళ్లుండేది పగుళ్లలో, లోతుకి పోయేకొద్దీ ఆ పగుళ్లే తగ్గిపోతాయి, తెలిసీ ఆశతో వేసినా. ట్యాంకర్లతో తోలినా. ఆకులు దోనెల్లా ముడుచుకుపోయి, కాయలు కొమ్మనే ఎండి వేలాడుతుంటే పొద్దున తోటలోకి పోవడానికి కాళ్లు వచ్చేవి కాదు. మూడెకరాలే ఉంటే బతికించుకునేవాణ్ణి, ఐదూ పోయినాయి. గట్టు అవతల చిన్న రైతు బోరు నాదాని కంటే ముందే ఎండింది, ఆయన వలస పోయినాడు. నా బోర్ల వల్లేనని ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఇప్పుడు ఇంకా కష్టం. మన జిల్లా వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే, గాలి వేడెక్కేకొద్దీ తేమ ఎక్కువ పట్టుకుంటుంది కాబట్టి కురిస్తే కుండపోత, లేదంటే నెలకి నెల ఎండ. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు వాన అంటే 4,000 లీటర్లు, 50 పడితే రెండు లక్షలు. అది వాగులో కలిసేలోపే ఆపాల. కుంట ముందు తవ్వు, మొక్క తర్వాత. మన జిల్లాలోనే కొన్ని ఊళ్లల్లో రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం చూసి, రబీకి ముందు పంట నీటి బడ్జెట్, అంటే ఉన్న నీళ్లకి ఏ పంట ఎంత వేయొచ్చో లెక్క, వేసుకున్నారు. చదువుకున్న దానివి, నువ్వు వేయలేవా?

మొదట రెండెకరాలే పెట్టు, కోపం తెచ్చుకోవద్దు. మే నెలలో 20 లీటర్ల బకెట్ బోరు కింద పెట్టి ఎన్ని సెకన్లకి నిండుతుందో ఫోన్లో టైం పెట్టి చూడు. పది సెకన్లయితే గంటకి 7,200 లీటర్లు. పొద్దున ఒకసారి, నాలుగు గంటలు ఆడించినాక ఇంకోసారి, రెండూ రాసిపెట్టు. ఆ కాగితం నేను చూసేదాకా బోరు బండిని పిలవొద్దు. మోకాళ్లు నొప్పున్నా బస్సెక్కి వస్తా.

మీ పెదనాన్న