సీఫుడ్ రెస్టారెంట్‌లో వైన్ లిస్ట్ నీ చేతికిచ్చినప్పుడు

చిరంజీవి కిరణ్‌కు అత్తయ్య ఆశీస్సులు.

సియాటిల్‌లో ఉద్యోగం, ఇల్లు రెండూ కుదురుకున్నందుకు చాలా సంతోషం నాన్నా. శుక్రవారం టీమ్ డిన్నర్‌కి సీఫుడ్ రెస్టారెంట్ చూసే పని, వైన్ ఎంచే పని నీకే అప్పజెప్పారని, అదొక టెన్షన్‌గా ఉందని రాశావు. మూడు రెస్టారెంట్ల లిస్టులు పంపి, ఏది మంచిదో చెప్పమన్నావు. పేరు చెప్పడం క్షణంలో పని, కానీ ఆ ఊళ్లో నువ్వు ఇంకా ఎన్ని డిన్నర్లకు వెళ్తావో! అందుకే లిస్టు ఎలా చదవాలో రాస్తున్నాను. ముందు శాన్‌ఫ్రాన్సిస్కోలో, తర్వాత సియాటిల్‌లో నా ఉద్యోగమంతా చేపల రెస్టారెంట్లలోనే గడిచింది. ఈ విషయం ఎవరడిగినా నాకు ఉత్సాహమే.

ముందు వైన్ లిస్టు తెరవకు, వంటల మెనూ చదువు. పచ్చి ఆయిస్టర్లు ఉన్నాయా? డంజెనెస్ అనే ఇక్కడి పెద్ద పీతని ఉడికించి నిమ్మకాయతో ఇస్తున్నారా, వెన్నలో ముంచి తినమంటున్నారా? సాల్మన్ నిప్పుల మీద కాలుస్తున్నారా? మిరపకాయ, అల్లం పడిన వంటలు ఎన్ని? ఇవి మనసులో పెట్టుకుని వైన్ లిస్టుకి రా. అప్పుడు నువ్వు చూడాల్సింది ఒకటే: ఈ లిస్టు రాసినవాళ్లు ఈ వంటలు తిని రాశారా, లేదా? లిస్టులో సగం కాలిఫోర్నియాలో నాపా లోయ నుంచి వచ్చే కాబర్నే సావిన్యోన్ అనే వగరైన ఎర్ర వైన్లే ఉంటే అది స్టేక్ హౌస్ లిస్టు. ఎంత ఖరీదైన సీసాలున్నా ఆ వంటగదికి పనికిరాదు.

చేపల వేపుడు మీద నిమ్మచెక్క పిండుకుంటాం చూడు, తెల్ల వైన్‌లో పులుపు చేసే పని కూడా అదే. ఉప్పదనాన్ని, నూనెని కోసి, తర్వాతి ముద్దకి నోరు సిద్ధం చేస్తుంది. అందుకే సీఫుడ్ లిస్టులో పులుపు బాగా ఉండి, ఓక్ చెక్క పీపా వాసన లేని తెల్ల వైన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. ఫ్రాన్స్‌లో లువార్ నది సముద్రంలో కలిసే వైపు పండే మస్కడే, దక్షిణాన టో సరస్సు పక్కన పండే పిక్‌పూల్ ద పినే, స్పెయిన్‌లో గలీసియా తీరం నుంచి వచ్చే అల్బరీన్యో, గ్రీసులో సాంతోరినీ ద్వీపపు అసిర్టికో. ఇవన్నీ చేపలు, ఆయిస్టర్లు తినే తీరాల్లో పుట్టిన వైన్లే. టో సరస్సులోనైతే ఆయిస్టర్లనే పెంచుతారు. ఈ నాలుగింటిలో రెండైనా లేకపోతే నాకు అనుమానం మొదలవుతుంది. ధర కూడా చూడు. మస్కడే మామూలుగా చవక. ఫ్రాన్స్‌వే అయిన సాన్సేర్, షాబ్లీ అనే తెల్ల వైన్ల కన్నా తక్కువకే మంచి సీసా దొరుకుతుంది. దాన్ని లిస్టులో ఉంచారంటే, కస్టమర్‌కి తక్కువ ధరలో సరైన వైన్ ఇవ్వాలనే ఆలోచన వాళ్లకు ఉన్నట్టే.

మస్కడే పక్కన 'స్యూర్ లీ' అని ఉందేమో చూడు. పులిసిన తర్వాత అడుగున పేరుకున్న ఈస్టు మడ్డి మీదే చలికాలమంతా ఉంచి సీసాల్లో నింపారని దానర్థం. అలా ఉంచితే రుచికి కొంచెం నిండుదనం వస్తుంది, పులుపు మాత్రం తగ్గదు. నీ టీమ్ ఆయిస్టర్లు చెబితే ఇంకేం ఆలోచించకు, అదే తెప్పించు.

షాబ్లీ దాదాపు ప్రతి లిస్టులోనూ ఉంటుంది. అది షార్డొనే అనే తెల్ల ద్రాక్షే, కాకపోతే చల్లటి ఊళ్లో, ఆయిస్టర్ల శిలాజాలు నిండిన సున్నపు నేలలో పండుతుంది. ఒట్టి 'షాబ్లీ' అని రాసి, తయారుచేసినవాళ్ల పేరు లేకుండా, సంవత్సరం లేకుండా ధర మాత్రం వేసిన లిస్టుని నమ్మకు. ఒకే ఊరి పేరుతో అద్భుతమైనదీ వస్తుంది, నీళ్లలాంటిదీ వస్తుంది. ప్రతి సీసాకి తయారీదారు, ప్రాంతం, సంవత్సరం ఈ మూడూ రాసి ఉండాలి. లిస్టు నిజాయితీకి నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే.

ఎర్ర వైన్ గురించి అడిగావు. చేపతో తాగకూడదనే నియమమేమీ లేదు. చిక్కల్లా వగరుతోనూ, ఇనుముతోనూ వస్తుంది. జపాన్‌లోని మెర్షన్ వైన్ కంపెనీ పరిశోధకులు స్కాలప్స్ అనే గుల్లచేపలతో రకరకాల వైన్లు రుచి చూపించి, వైన్‌లో ఇనుము ఎక్కువైనకొద్దీ నోట్లో నీచు వాసన పెరుగుతోందని 2009లో ప్రచురించారు. తెల్ల వైన్‌లోనూ ఇనుము ఉండొచ్చు, కొన్ని ఎర్ర వైన్లలో తక్కువే ఉండొచ్చు. కాబట్టి రంగు చూసి భయపడొద్దు, వగరు తక్కువున్న తేలికైన ఎర్ర వైన్ ఉందో లేదో చూడు. కాల్చిన సాల్మన్‌కి ఒరెగాన్‌లో విలామెట్ లోయలో పండే పినో నువార్ అనే తేలికైన ఎర్ర వైన్‌ని మించింది నాకు తెలీదు. డేవిడ్ లెట్ అనే వైన్ తయారీదారు అక్కడ 1960ల్లో పినో నువార్ తీగలు, వాటితోపాటే పినో గ్రీ అనే తెల్ల వైన్ ద్రాక్ష తీగలు నాటాడు. అవే ఈ రోజు ఆ లోయకి పేరు తెచ్చాయి. మీ రెస్టారెంట్ దానికి మూడు గంటల దూరంలో ఉంది. సాల్మన్ అమ్ముతూ ఈ వైన్ ఒక్కటైనా పెట్టలేదంటే పక్క ఊరిని కూడా పట్టించుకోలేదన్నమాట. బొజొలే అనే ఫ్రాన్స్ తేలికైన ఎర్ర వైన్ ఉంటే అదీ మంచిదే, కొంచెం చల్లగా ఇమ్మను.

వాషింగ్టన్ రాష్ట్రపు రీస్లింగ్ అనే తెల్ల వైన్ తప్పకుండా ఉండాలి. సియాటిల్ పక్కనే వుడిన్‌విల్‌లో ఉన్న షాటో సెయింట్ మిషెల్ వైన్ కంపెనీ, జర్మనీలో మోజెల్‌కు చెందిన ఎర్న్‌స్ట్ లోజెన్ అనే వైన్ తయారీదారుతో కలిసి 'ఎరోయికా' పేరుతో 1999 పంట నుంచి తీస్తోంది. మనవాళ్లకి నేను ముందు రీస్లింగే పోయిస్తాను. మిరపకాయ కారం మీద ఆల్కహాల్ ఎక్కువున్న వైన్ తాగితే మంట ఇంకా పెరుగుతుంది. మోజెల్ నుంచి 'కాబినెట్' పేరుతో వచ్చే తేలికైన రీస్లింగ్ లాంటివాటిలో ఆల్కహాల్ తరచుగా 8, 9 శాతమే. కాస్త తీపి, మంచి పులుపు ఉంటాయి కాబట్టి కారం పీతకి చక్కగా సరిపోతుంది. తీపి వద్దంటే 'ట్రోకెన్' అని రాసినది అడుగు.

వెన్నతో ఇచ్చే పీతకి మాత్రం నా మాట కొంచెం మార్చుకుంటాను. అక్కడ ఓక్ పీపాలో పెరిగిన షార్డొనే బావుంటుంది. అలాంటివి లిస్టులో ఒకటో రెండో ఉంటే తప్పు పట్టకు. పదిహేనుంటే పట్టు.

షాంపేన్ విషయంలో ఒక్క జాగ్రత్త. 'ఎక్స్‌ట్రా డ్రై' అని ఉన్నది 'బ్రూట్' కన్నా తియ్యగా ఉంటుంది. బ్రూట్‌లో లీటరుకి 12 గ్రాముల లోపే చక్కెర, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17. ఆయిస్టర్లకి బ్రూట్, లేదా ఇంకా తక్కువ చక్కెర ఉండే 'ఎక్స్‌ట్రా బ్రూట్' తీసుకో.

గ్లాసు లెక్కన అమ్మే వైన్ల దగ్గర ఎక్కువసేపు ఆగు. రెస్టారెంట్ ఎలాంటిదో అక్కడే తెలుస్తుంది. సీసా 750 మిల్లీలీటర్లు, గ్లాసుకి 150 పోస్తే ఐదు గ్లాసులు. సీసా మొత్తానికి వాళ్లు పెట్టిన డబ్బు మొదటి గ్లాసుతోనే రాబట్టుకోవడం ఈ వ్యాపారంలో మామూలు లెక్క. మీలో తాగేవాళ్లు ఆరుగురు అన్నావు కదా, రెండు సీసాలు చెబితే పది గ్లాసులొస్తాయి, గ్లాసుల లెక్కన కన్నా తక్కువ పడుతుంది. ఎవరైనా తమకొక్కరికే ఒక గ్లాసు కావాలంటే, వెయిటర్‌ని "ఈ సీసా ఎప్పుడు తెరిచారు?" అని అడుగు. అడగడం తప్పు కాదు, మంచి చోట సంతోషంగా చెబుతారు. ముఖ్యంగా మాన్సానీయా షెర్రీ ఉంటే ఇది తప్పనిసరి. స్పెయిన్‌లో శాన్‌లూకార్ ద బరామెదా అనే సముద్రపు ఊళ్లో తయారయ్యే ఈ షెర్రీ 15 శాతం ఆల్కహాల్‌తో, తీపి లేకుండా, ఉప్పదనంతో రొయ్యలకి అమోఘంగా ఉంటుంది. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లో అయిపోగొట్టాలి. నేను పనిచేసిన ఒక చోట ఆ సీసాని బార్ మీద నెలల తరబడి గది వేడిలోనే ఉంచి పోసేవారు. తాగినవాళ్లు ఆ షెర్రీ రుచే అంత అనుకుని వెళ్లిపోయేవారు, నాకు మనసు చివుక్కుమనేది.

సీసా తెచ్చి చూపించినప్పుడు లేబుల్ మీద సంవత్సరం, లిస్టులో సంవత్సరం ఒకటేనా చూడు. పోర్చుగల్ నుంచి వచ్చే వీన్యో వెర్దే లాంటివి తాజాగా తాగాల్సినవి, పాతది తెస్తే తిప్పి పంపు. నీకు కొంచెం పోసి రుచి చూడమనేది నచ్చిందా అని అడగడానికి కాదు, చెడిపోయిందేమో చూడమని. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే బిరడా వల్ల వైన్ చెడిపోయినట్టు. మర్యాదగా చెప్పు, మారుస్తారు.

టీమ్‌లో ఇద్దరు తాగరన్నావు. వాళ్లకి కోక్ తప్ప ఇంకేమైనా రాశారా అని కూడా చూడు. తిండితో సరిపోయే పుల్లటి షర్బత్తో, ఆల్కహాల్ లేని వైనో, ఏదో ఒకటి శ్రద్ధగా పెట్టినవాళ్లు మిగతా లిస్టు మీద కూడా శ్రద్ధ పెట్టే ఉంటారు.

నువ్వు పంపిన మూడింటిలో రెండోది నాకు నచ్చింది. లిస్టు చిన్నదే, కానీ మస్కడే, అల్బరీన్యో, రెండు రీస్లింగ్‌లు, ఒరెగాన్ పినో నువార్ ఉన్నాయి, అన్నింటికీ తయారీదారు పేర్లున్నాయి. మూడోది చాలా పొడుగు, కానీ ఎక్కువ భాగం నాపా ఎర్ర వైన్లే. బుధవారం లోపు రెండోచోటికి ఫోన్ చేసి ఆ రోజు ఏ ఆయిస్టర్లు వస్తున్నాయో, మనం సీసా తెచ్చుకుంటే దాన్ని తెరిచి పోసినందుకు తీసుకునే కార్కేజ్ ఎంతో అడుగు. ఇంటికి వెళ్లేటప్పుడు ఎవరూ కారు నడపకుండా క్యాబులు మాట్లాడి ఉంచు. వాళ్లేమన్నారో నాకు రాయి, ఏ సీసాలు చెప్పాలో గురువారం ఫోన్‌లో కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
మీ అత్తయ్య