గాడ్‌ఫాదర్ ఆట, బీరువాలో లాప్‌టాప్

ప్రశ్న: మా పెద్దబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. హాలీవుడ్ మాఫియా సినిమా గాడ్‌ఫాదర్ నాకు ప్రాణం. పోయిన వేసవిలో వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. అప్పటి నుంచి ఆ సినిమా మీద వచ్చిన పాత కంప్యూటర్ గేమ్ ఎక్కడో సంపాదించి ఆడుతున్నాడు. దుకాణాల వాళ్లను బెదిరించి మామూళ్లు వసూలు చేసే రౌడీ ఆట. ఎనిమిదో తరగతి చదివే తమ్ముడు పక్కనే కూర్చుని చూస్తాడు. మొన్న లాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు నోట్‌బుక్‌లో సినిమా సీన్లు ఒక పక్క, ఆటలో సీన్లు ఒక పక్క రాసుకుంటున్నాడు. గేమ్ డిజైనర్ అవుతాడట. ఒక ప్రైవేటు కాలేజీ గేమ్ డిజైన్ డిగ్రీకి ఏడాదికి 4 లక్షలు అడుగుతోంది. అది మంచిదా, బీటెక్ సీఎస్ఈ మంచిదా పోల్చి చెప్పండి. చుట్టాలు అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా పరీక్షల ముందు వస్తాయి. ఆట పేరు మారుతుంది. చుట్టాల గురించిన ఆ చివరి వాక్యం మాత్రం మారదు. మీకు నిద్ర పట్టనివ్వనిది ఫీజు కంటే అదేనని నా అనుమానం. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఒక మాట, కోపం తెచ్చుకోకండి. దాదాపు మూడు గంటల సినిమా, నరికిన గుర్రం తల సీనుతో సహా, పిల్లవాడికి మీరే చూపించారు. మీరు చూస్తే అది గొప్ప సినిమా, వాడు ఆడితే అదే కథ రౌడీ ఆట! అయితే మీ భయాన్ని కొట్టిపారేయను. సినిమాలో మనం చూస్తూ కూర్చుంటాం, ఆటలో మన చేత్తోనే కొడతాం. ఆ తేడా ఉంది కాబట్టే అమెరికాలో ఆ ఆటకు 17 ఏళ్లు నిండినవాళ్లకే అని రేటింగ్ ఇచ్చారు. మీ పెద్దవాడు సరిగ్గా ఆ గీత మీద ఉన్నాడు. చిన్నవాడికి అది పనికిరాదు. తమ్ముడు గదిలో ఉన్నప్పుడు ఆ ఆట తెరవొద్దని అన్నకు గట్టిగా చెప్పండి. అంతేగానీ పరీక్షల నెలలో లాప్‌టాప్‌కు తాళం వేసి ఏం సాధించారు? ఆడటం ఆగిందేమో గానీ ఆలోచన ఆగలేదు. ఆ నోట్‌బుక్కే సాక్ష్యం.

అసలు ఆ నోట్‌బుక్ మీరు తెరిచి చూశారా? చూసి ఉంటే ఈ ఉత్తరం వేరేలా రాసేవారు.

ఆ ఆట 2006లో వచ్చింది. సినిమా 1972ది. చూసినవాళ్లందరికీ కథ కంఠతా వచ్చు, ఎవరు చస్తారో ముందే తెలుసు. ఆడేవాడి చేతికి సినిమా హీరో మైకేల్ పాత్రను ఇచ్చేస్తే వాడు కథను చెడగొడతాడు, లేదా కథ వాడిని కట్టిపడేస్తుంది. అందుకే ఆల్డో అనే కొత్త కుర్రాడిని పుట్టించి, సినిమాలో మనం చూడని చోట నిలబెట్టారు. హోటల్ బాత్రూంలో మైకేల్ కోసం తుపాకీ దాచిపెట్టేది అతనే. గుర్రం తల మంచం మీదికి చేరవేసే పనిలోనూ ఉంటాడు. సీను చెక్కుచెదరలేదు, ఆడేవాడికి పనీ దొరికింది. మీవాడు నోట్‌బుక్‌లో రెండు గళ్లు గీసుకుని వెతుకుతున్నది ఇలాంటివే అయి ఉంటాయి.

అదే ఏడాది స్కార్‌ఫేస్ అనే ఇంకో హాలీవుడ్ రౌడీ సినిమా మీద కూడా ఆట వచ్చింది. 1983 సినిమా చివర్లో హీరో టోనీ చచ్చిపోతాడు కదా, ఆటలో ఆ కాల్పుల నుంచి బతికి బయటపడతాడు. ఆ ఆటలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. దారిన పోయే అమాయకులను కాల్చమంటే టోనీ ఒప్పుకోడు. సినిమాలో భార్యాపిల్లలున్న కారును పేల్చడానికి నిరాకరించిన మనిషి కదా, ఆ స్వభావాన్నే ఆటలో నియమం చేసి పెట్టారు. ‘గేమ్ డిజైన్’ అనే మాటకు నేను ఇంతకంటే మంచి ఉదాహరణ ఇవ్వలేను.

ఇక మీవాడికి ఎవరూ చెప్పని సంగతులు. సినిమాల మీద ఆటలు తీయడమే ఉద్యోగంగా కలలు కంటున్నాడేమో, ఆ దారిలో నాకు గట్టి అనుమానాలున్నాయి. సినిమా హక్కులు స్టూడియో దగ్గరుంటాయి, ముఖం నటుడిది. సినిమాలో మైకేల్‌గా వేసిన అల్ పచీనో గాడ్‌ఫాదర్ ఆటకు తన రూపం ఇవ్వలేదు, అందుకే అందులో మైకేల్ వేరే మనిషిలా ఉంటాడు. స్కార్‌ఫేస్ సినిమాలో టోనీ కూడా అతనే, ఆ ఆటకు రూపం ఇచ్చాడు గానీ గొంతు ఇంకొకరిది. గాడ్‌ఫాదర్‌గా వేసిన బ్రాండో చనిపోయే ముందు ఆ ఆటకు కొంత గొంతు ఇచ్చాడు, అప్పటికే ఆరోగ్యం బాగాలేక అందులో చాలా భాగం వాడుకోలేకపోయారు. గాడ్‌ఫాదర్ దర్శకుడు కొప్పోలా ఆ ఆట తనకు నచ్చలేదని బాహాటంగానే అన్నాడు. ఇన్ని తలనొప్పులు పడి చేసిన కంపెనీలు ఏమయ్యాయి? గాడ్‌ఫాదర్ ఆట తయారుచేసిన స్టూడియో 2009లో రెండో భాగం తెచ్చింది, ఆ తర్వాత పేరు మార్చుకుంది, 2017లో మూతపడింది. స్కార్‌ఫేస్ ఆట తయారుచేసిన కెనడా కంపెనీ 2012లో సొంత ఆటలు ఆపేసింది, చాలామంది ఉద్యోగాలు పోయాయి. వాళ్లేమీ పని రానివాళ్లు కాదు. ఈ రంగం తీరే అంత. కాబట్టి చేతిలో ఉన్న విద్య ఇంకో చోట కూడా అన్నం పెట్టాలి.

అందుకే ఆ 4 లక్షల కోర్సు దగ్గర ఆగమంటున్నాను. బ్రోషర్ మీద హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న కుర్రాడు, లోపల ‘100 శాతం ప్లేస్‌మెంట్’. కొన్నేళ్ల కింద నేనే ఒక అబ్బాయిని ఇలాంటి ఒక కాలేజీకి వెళ్లమన్నాను. నా తప్పే, వెళ్లి చూడకుండా చెప్పాను. చదువయ్యాక వాడు తెచ్చిన పనులు చూస్తే ఒక టీకొట్టు త్రీడీ బొమ్మ కనిపించింది, చాలా బాగుంది. తర్వాత వాడి క్లాస్‌మేట్ వచ్చాడు. అదే టీకొట్టు, అదే కెటిల్, అదే వంకర బల్ల! క్లాసంతటితో ఒకే పాఠం చేయించారు. సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో వాళ్లకు తెలుసు, సొంతంగా ఏం చేయాలో తెలియదు. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీ చివరి ఏడాది పిల్లలు చేసిన ఆటలు చూపించమనండి. పాఠం చెప్పేవాళ్లలో మార్కెట్లోకి వచ్చిన ఆటకు పనిచేసినవాళ్లు ఎంతమందో అడగండి. ప్లేస్‌మెంట్ అంటే ఏ పనికో కూడా అడగండి. రోజంతా ఒకే గోడకు ఢీకొట్టి తప్పులు వెతికే టెస్టర్ ఉద్యోగమూ ప్లేస్‌మెంటే. అది చిన్న పని అనడం లేదు, నాలుగేళ్లకు 16 లక్షలు పోసి వెళ్లాల్సిన పని మాత్రం కాదు.

పోలిక అడిగారు కదా. మీవాడికి కోడ్ రాయడం ఇష్టమైతే సీఎస్ఈ చేయనివ్వండి. ఈ ఆటల వెనక ఉండేది సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష, దాని వెనక మ్యాట్రిక్స్‌లు, వెక్టర్లు. ఫస్టియర్ మ్యాథ్స్‌లో వాడు తిట్టుకుంటూ చదివిన చాప్టర్లే. గేమ్‌లోకి వెళ్లకపోయినా ఆ డిగ్రీ వృథా పోదు. నాలుగేళ్ల తర్వాత కూడా మనసు ఇటే ఉంటే బెంగళూరు ఎన్‌ఐడీలో (జాతీయ డిజైన్ సంస్థ) డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎండెస్ అనే పీజీ ఉంది, బీటెక్ వాళ్లూ రాయొచ్చు. అలా కాకుండా వాడికి బొమ్మలు గీసే చెయ్యి ఉందంటే ఐఐటీల్లో బీడెస్ అనే డిజైన్ డిగ్రీకి ప్రయత్నించనివ్వండి. ఆ పరీక్షల సంగతి వాడికి మనకంటే బాగా తెలిసి ఉంటుంది. ఉద్యోగాలకు అమెరికా దాకా పోనక్కర్లేదు. ఆ గాడ్‌ఫాదర్ ఆటను విడుదల చేసిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కే హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసు ఉంది. వైస్ సిటీ లాంటి ఆటల రాక్‌స్టార్‌కు బెంగళూరులో, యుబిసాఫ్ట్‌కు పుణెలో స్టూడియోలున్నాయి.

చుట్టాలు అడిగితే ‘వాడు కంప్యూటర్ సైన్స్ వైపు చూస్తున్నాడు’ అనండి. అబద్ధం కాదు, వాళ్లకూ టెన్షన్ తగ్గుతుంది. పదిహేడేళ్లవాడు ఒక ఆటను విప్పదీసి కాగితం మీద పెట్టుకుంటున్నాడంటే చెడిపోతున్నాడని నేను అనుకోను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది ఏమిష్టం అంటే గోడ వైపు చూస్తారు. మీవాడు ఏడాదిగా ఒకే విషయం పట్టుకున్నాడు. ఫలానా ఉద్యోగం వస్తుందని హామీ ఇవ్వలేను గానీ, ఈ పిల్లవాడి గురించి నాకు భయం లేదు.

పరీక్షలయ్యాక బీరువా తాళం తీయండి. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడాట్ (Godot) గానీ యూనిటీ (Unity) గానీ డౌన్‌లోడ్ చేసుకోమనండి, నేర్చుకోవడానికి రెండూ ఉచితమే. గాడ్‌ఫాదర్ ఆటలో దుకాణదారుణ్ని కొంత బెదిరిస్తే డబ్బిస్తాడు, మోతాదు మించితే ఎదురు తిరుగుతాడు. ఆ కిటుకునే తీసుకుని కూరగాయల మార్కెట్లో బేరం ఆట చేయమనండి. ఒక అవ్వ, ఒక వంకాయల గంప, ఒక కొనేవాడు. ధర మరీ లాగితే అవ్వ ‘పోవయ్యా’ అని గంప మీద గుడ్డ కప్పేయాలి. రెండు నెలల్లో ఇది పూర్తి చేస్తే నాకు పంపమనండి, చేయలేకపోయినా ఎక్కడ ఆగిపోయాడో రాయమనండి. ముందు మాత్రం మీరు ఆడండి. ఎక్కడ విసుగొచ్చిందో మొహమాటం లేకుండా వాడికి చెప్పండి.