తల అరిగిపోయిన స్క్రూ విప్పాలంటే ముందు తిప్పడం ఆపండి

అల్మారా తలుపు హింజ్‌కి ఉన్న స్క్రూలన్నీ వచ్చేశాయి, చివరిది ఒక్కటే తల అరిగిపోయి రావట్లేదు, స్టార్ స్క్రూడ్రైవర్ పెడితే గిర్రున జారిపోతోంది, ఇంట్లో డ్రిల్ లేదు, ఏం చేయాలి అని అడిగారు. ముందు తిప్పడం ఆపేయండి. జారిన ప్రతిసారీ ఆ గాడి అంచు నుంచి ఇంకాస్త లోహం రాలిపోతుంది. స్క్రూ చుట్టూ సన్నగా మెరిసే పొడి కనిపిస్తుంది చూడండి, అదే. ఆ అంచు ఎంత మిగిలి ఉంటే పని అంత తేలిక.

ఇప్పుడు ఫోన్ లైటు వేసి దగ్గరగా చూడండి. స్క్రూ తల మీద ఒక పక్కగా పెన్నుతో చుక్క పెట్టి మెల్లగా తిప్పి చూస్తే, జారుతున్నది స్క్రూడ్రైవరా, లేక స్క్రూ మొత్తం ఉన్నచోటే తిరుగుతోందా అన్నది తెలిసిపోతుంది. చుక్క కూడా తిరుగుతుంటే తల బాగానే ఉంది, చెక్కలో రంధ్రమే వదులైపోయింది. అప్పుడు హింజ్ రేకు కిందికి ఒక మైనస్ స్క్రూడ్రైవర్ దూర్చి పైకి ఎత్తిపట్టి తిప్పితే వచ్చేస్తుంది, మిగతా తంటాలేవీ అక్కర్లేదు.

చుక్క కదలకపోతే గాడిలో ఏముందో చూడండి. పాత తలుపులకి రంగు వేసినప్పుడు స్క్రూలకి కూడా వేసేస్తారు, అది గాడి అడుగున గడ్డకట్టి స్క్రూడ్రైవర్ మొనని లోపలికి దిగనివ్వదు. నేను మా ఇంట్లో ఒక తలుపు విప్పుతుంటే ఒక స్క్రూ పూర్తిగా పోయినట్టే కనిపించింది, గుండుసూది పెట్టి గీకుతుంటే నాలుగు మూలల నుంచీ గట్టి పెంకులు ఊడి వచ్చాయి, ఆ తర్వాత అదే స్క్రూడ్రైవర్ లోపలిదాకా దిగి మామూలుగా విప్పేసింది.

తర్వాత సైజు. ఇక్కడ చాలామంది పొరపడతారు. స్టార్ అని మనం అనేవాటిలో ఫిలిప్స్ వేరు, పోజిడ్రైవ్ వేరు. అల్మారా హింజ్‌లకి ఎక్కువగా పోజిడ్రైవ్ స్క్రూలు వస్తాయి, ప్లస్ గుర్తు చేతుల మధ్య ఐమూలగా నాలుగు సన్నటి గీతలు ఉంటే అదే. దానికి కావాల్సింది పోజిడ్రైవ్‌కి సరిపోయే పీజెడ్-2 బిట్ (బిట్ అంటే స్క్రూడ్రైవర్‌కి తగిలించే మొన), ఇళ్లల్లో ఉండేది మాత్రం ఫిలిప్స్‌కి సరిపోయే పీహెచ్-2. ఆ రెండూ ఒకదానిలో ఒకటి దూరతాయి కానీ పూర్తిగా కూర్చోవు, కొంచెం బలం పెట్టగానే జారిపోతాయి. అసలు ఫిలిప్స్ గాడే లోపలికి పోనుపోను సన్నబడుతుంది కాబట్టి, తిప్పే బలానికి స్క్రూడ్రైవర్ దానంతటదే పైకి తన్నుకొస్తుంది. అందుకే నొక్కడం ముఖ్యం. నేనైతే ముప్పాతిక బలం నొక్కడానికి, పాతిక బలం తిప్పడానికి పెడతాను. స్క్రూడ్రైవర్ నిట్టనిలువుగా ఉండాలి, అరచెయ్యి దాని వెనక భాగం మీద ఆనాలి, రెండో చెయ్యి తిప్పాలి.

మీ విషయంలో ఇంకొకటుంది. మిగతా స్క్రూలు తీసేశారు కాబట్టి తలుపు ఆ చివర బరువంతా ఈ ఒక్కదాని మీదే పడుతోంది, దాంతో అది పక్కకి ఒరిగి ఇంకా బిగుసుకుపోతుంది. తలుపు కింద చెక్కముక్కో లావుపాటి పుస్తకాలో పెట్టి బరువు దించండి, ఎవరినైనా పట్టుకోమన్నా సరే. చాలాసార్లు ఈ ఒక్క పనితోనే స్క్రూ కదిలిపోతుంది.

అప్పటికీ రాకపోతే వెడల్పాటి రబ్బర్ బ్యాండ్ గాడి మీద పరిచి, దాని మీంచి స్క్రూడ్రైవర్ నొక్కి తిప్పే చిట్కా ఉంది. కొద్దిగా అరిగినవాటికి పనిచేస్తుంది. తుప్పు పట్టి బిగుసుకుపోయినదానికి రబ్బర్ చిరిగిపోవడం తప్ప ఏమీ కాదు, కాబట్టి ఒకసారి చూసి వదిలేయండి.

నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది సుత్తి. బిట్‌ల సెట్టు ఉంటే అందులో ఆరు మూలల టార్క్స్ బిట్‌లు ఉంటాయి, టీ-20 గానీ టీ-25 గానీ, అరిగిన గాడిలో అలా పెడితే దిగనంత సైజు చూసుకుని సుత్తితో రెండు మూడు దెబ్బలు వేసి దించండి. మెత్తటి లోహంలో దాని మూలలు కొత్త గాట్లు చేసుకుని పట్టు దొరుకుతుంది. ఆ దెబ్బలకి తుప్పు కూడా కాస్త పగులుతుంది. ఇప్పుడు ముందు బిగించే వైపు కాస్త కదపండి, ఆ తర్వాత విప్పే వైపు తిప్పండి. వదిలేటప్పుడు టక్ మని చిన్న చప్పుడు వస్తుంది, ఆ చప్పుడు విన్నాక తొందరపడకుండా అదే నొక్కుడుతో నెమ్మదిగా తిప్పుతూ పొండి. ల్యాప్‌టాప్, ఫోన్ లాంటివాటి మీద మాత్రం ఈ సుత్తి పని వద్దు.

స్క్రూ తల కొంచెమైనా పైకి ఉంటే కటింగ్ ప్లేయర్‌తో అంచులు గట్టిగా పట్టి తిప్పడమే అన్నిటికన్నా తేలిక. హింజ్ స్క్రూల తల సాధారణంగా రేకులోకి దిగిపోయి ఉంటుంది, అందుకే అక్కడ పట్టు దొరకదు. అప్పుడు హాక్సా బ్లేడుకి ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకుని తల మీద అడ్డంగా గాడి కోసి, మైనస్ స్క్రూడ్రైవర్‌తో విప్పొచ్చు. హింజ్ రేకు కూడా గీసుకుపోతుంది, అది మార్చేదే అయితే బాధ లేదు. కళ్లద్దాలు పెట్టుకోండి, ఇనుపరజను కంట్లో పడితే చాలా ఇబ్బంది.

తుప్పు వదిలించే స్ప్రే డబ్ల్యూడీ-40 కొట్టమని ఎవరైనా చెప్తారు. అది లోహంలో బిగించిన, తుప్పు పట్టిన స్క్రూకి మంచిదే, కొట్టి ఓ అరగంట ఆగాలి. మీది చెక్కలో ఉంది కాబట్టి పెద్ద లాభం ఉండదు, పైగా నూనె మరక చెక్కకి పట్టేస్తుంది. చెక్కకి పనికొచ్చేది వేడి. సోల్డరింగ్ ఐరన్ ఉంటే దాని మొన స్క్రూ తల మీద రెండు మూడు నిమిషాలు ఆనించి, స్క్రూ చల్లారాక ప్రయత్నించండి, చుట్టూ పట్టేసిన చెక్క కాస్త వదులుతుంది. దగ్గర్లో ప్లాస్టిక్ ఏమీ లేకుండా చూసుకోండి. సూపర్ గ్లూతో స్క్రూడ్రైవర్‌ని అతికించే పద్ధతి నేను ఎవరికీ చెప్పను, గ్లూ కారి హింజ్‌కి, తలుపుకి కూడా అంటుకుంటే రెండు సమస్యలవుతాయి.

ఇవేవీ కుదరకపోతే డ్రిల్ ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకోక తప్పదు. స్క్రూ కాడంత లావు బిట్ పెట్టి, నిదానంగా, సరిగ్గా తల మధ్యలో దించితే తల ఊడి వస్తుంది. హింజ్ తీసేశాక మిగిలిన కాడని ప్లేయర్‌తో పట్టి తిప్పేయొచ్చు.

తీసిన స్క్రూ మళ్లీ వాడొద్దు. రంధ్రం వదులైతే అగ్గిపుల్లల మందు తీసేసి, పుల్లలకి చెక్క జిగురు రాసి లోపలికి బిగువుగా దూర్చి, రాత్రంతా ఆరనిచ్చి, పైకి ఉన్నది కోసేసి కొత్త స్క్రూ బిగించండి. చివరి రెండు చుట్లు చేత్తోనే తిప్పండి.